టెన్నిస్ రుణం తీర్చుకోవాలనుకుంటే ముందు కోర్టును చిన్నది చేయండి

[తెరపై: పూర్తి కోర్టులో, బేస్‌లైన్ దగ్గర పెద్దల రాకెట్ పట్టుకొని నిలబడిన ఎనిమిదేళ్ల పాప. బంతి ఆమె భుజం మీదుగా వెనక్కి పోతుంది.]

నమస్కారం. జీవితమంతా టెన్నిస్ ఆడి, ఇక మోకాళ్లు మాట వినని వయసు వచ్చాక, ఈ ఆట తమకు ఇచ్చినదానిలో కొంతైనా పిల్లలకు అందించాలని తపించేవారు నాకు చాలామంది తెలుసు. నేనూ ఆ కోవలోనివాణ్ణే. అయితే అంత మంచి మనసుతో మనం మొట్టమొదట చేసే పని ఏమిటంటే, అటక మీది పాత రాకెట్లనూ, సంచిలో మిగిలిపోయిన పసుపు బంతులనూ తీసుకువచ్చి, పిల్లలను బేస్‌లైన్ దగ్గర, అంటే కోర్టు చివరి గీత దగ్గర, నిలబెట్టి ఆడమనడం. కొన్ని వారాలు గడిచేసరికి వారిలో చాలామంది రావడం మానేస్తారు. అప్పుడు మనం తీరిగ్గా కూర్చొని, ఈ కాలపు పిల్లలకు ఓపిక లేదని తీర్పు చెబుతాం. ఆ తీర్పు విన్న ప్రతిసారీ నాకు చిరాకు కలుగుతుంది. అందుకే ఈ వీడియో.

పెద్దల సైకిల్ మీద సైకిల్ నేర్చుకొనే పిల్లవాణ్ణి ఒకసారి ఊహించుకోండి. సీటు మీద కూర్చుంటే కాళ్లు పెడళ్లకు అందవు కాబట్టి, ఫ్రేము సందులోంచి ఒక కాలు దూర్చి, ఒంటిని ఒక పక్కకు వంచి, సగం సగం పెడలు తొక్కుతూ వెళతాడు. సైకిల్ కదులుతుంది, నిజమే. కానీ వాడు నేర్చుకొంటున్నది సైకిల్ తొక్కడం కాదు, తనకు సరిపోని సైకిల్‌తో ఎలాగోలా నెగ్గుకురావడం. పూర్తి కోర్టులో పసుపు బంతితో పిల్లలు నేర్చుకొనేది కూడా సరిగ్గా అదే.

దీన్ని లెక్కల్లో చూద్దాం. టెన్నిస్ బంతిని పరీక్షించేటప్పుడు 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదులుతారు. మామూలు పసుపు బంతి అయితే అది 135 నుంచి 147 సెంటీమీటర్ల వరకు పైకి లేవాలని నిబంధన. అంటే పడిన ఎత్తులో సగం కంటే కొంచెం ఎక్కువ. ఇప్పుడు ఆటలోకి వద్దాం. నెట్టు మీదుగా కాస్త ఎత్తుగా వచ్చిన బంతి సుమారు రెండు మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకొంటే, నేలను తాకిన తరువాత ఒక మీటరు పది సెంటీమీటర్ల దాకా లేస్తుంది. మీకూ నాకూ అది నడుముకు కాస్త పైన, హాయిగా కొట్టగలిగిన ఎత్తు. నూట ఇరవై అయిదు సెంటీమీటర్ల పొడవున్న పిల్లకు అది గడ్డం దగ్గరికి వచ్చినట్టు. మన గడ్డం ఎత్తులో వచ్చే ప్రతి బంతినీ ఫోర్‌హ్యాండ్‌తో కొట్టాలని ఎవరైనా ఆజ్ఞాపిస్తే మనలో ఎంతమంది రెండో రోజు కోర్టుకు వస్తామో ఆలోచించండి.

[తెరపై: ఎరుపు, నారింజ, ఆకుపచ్చ చుక్క, పసుపు బంతులు ఒకే ఎత్తు నుంచి పడటం, పక్కన కొలబద్ద.]

సీటు కిందికి దించిన సైకిల్ టెన్నిస్‌లోనూ ఉంది. అదే నేర్చుకొనేవారి కోసం తక్కువ ఎత్తు లేచేలా తయారుచేసిన ఎరుపు, నారింజ, ఆకుపచ్చ బంతులు. ఎరుపు బంతి అదే పరీక్షలో సుమారు 90 నుంచి 105 సెంటీమీటర్ల వరకే లేస్తుంది. నారింజ బంతి 105 నుంచి 120, ఆకుపచ్చ బంతి 120 నుంచి 135. ఇందాకటి రెండు మీటర్ల లెక్కనే ఎరుపు బంతికి వర్తింపజేస్తే అది డెబ్బై, ఎనభై సెంటీమీటర్ల దగ్గర, అంటే ఆ పిల్ల నడుము ఎత్తులో చేతికి అందుతుంది. పసుపు బంతితో పోలిస్తే ఎరుపు బంతి సుమారు 75 శాతం, నారింజ 50 శాతం, ఆకుపచ్చ 25 శాతం నెమ్మది అని సాధారణంగా చెబుతారు. బంతికి తగ్గట్టే కోర్టు కూడా పెరుగుతూ పోతుంది. ఎరుపు బంతికి దాదాపు 11 మీటర్ల పొడవు, 80 సెంటీమీటర్ల నెట్టు చాలు. నారింజకు సుమారు 18 మీటర్లు. ఆకుపచ్చకు వచ్చేసరికి మామూలు 23.77 మీటర్ల కోర్టే.

ఇవి బొమ్మ బంతులని కొట్టిపారేసే పెద్దమనుషులకు ఒక మాట. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 జనవరి నుంచి, పదేళ్లు, అంతకు లోపు వయసు పిల్లల పోటీలలో మామూలు పసుపు బంతిని వాడకూడదని ఆట నిబంధనలలోనే చేర్చింది. అంటే మీరు ఆ వయసు పిల్లల చేత పసుపు బంతితో పోటీ ఆడిస్తుంటే, నిబంధనకు విరుద్ధంగా నడుస్తున్నది మీరే.

ఇక్కడ ఎప్పుడూ ఎదురయ్యే అభ్యంతరం ఒకటుంది. పాత తరం గొప్ప ఆటగాళ్లంతా పసుపు బంతితోనో, అంతకుముందు తెల్ల బంతితోనో, పూర్తి కోర్టులోనే నేర్చుకొన్నారు కదా అంటారు. ఫ్రేము సందులోంచి తొక్కినవారిలో కొందరు గొప్ప సైకిలిస్టులు కూడా అయి ఉంటారు. పడి, మోకాలు చీరుకొని, సైకిల్‌ను గోడకు ఆనించి వెళ్లిపోయినవారి సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు. పైగా ఆ వాదన చరిత్రకు కూడా పూర్తిగా నిలబడదు. 1956లో ఫ్రెంచ్ టైటిల్, 1957, 1958లలో వింబుల్డన్ గెలిచిన ఆల్థియా గిబ్సన్ మొదట పట్టుకొన్నది టెన్నిస్ రాకెట్ కాదు. న్యూయార్క్ హార్లెమ్‌లో పిల్లలు ఆడుకొనేందుకు వాహనాలను ఆపివేసిన ఒక వీధిలో, చిన్న కోర్టులో, చెక్క బ్యాటుతో ఆడే పాడిల్ టెన్నిస్‌తో ఆమె మొదలుపెట్టింది. పన్నెండేళ్ల వయసులో, 1939లో, ఆ ఆటలో నగర మహిళల విజేత అయింది. పూర్తి కోర్టు ఆమె జీవితంలోకి ఆ తరువాతే వచ్చింది.

ఆమె కథలో నాకు మరీ ఇష్టమైన భాగం ఇంకొకటి ఉంది. హార్లెమ్‌లోని ఒక టెన్నిస్ క్లబ్ సభ్యులు తలా కొంత వేసుకొని ఆమెకు సభ్యత్వం ఇప్పించారు, శిక్షణ ఏర్పాటు చేశారు. తరువాత హ్యూబర్ట్ ఈటన్, రాబర్ట్ వాల్టర్ జాన్సన్ అనే ఇద్దరు డాక్టర్లు ఆమెను తమ ఇళ్లలో ఉంచుకొని, ఒకరు చదువు సాగే నెలలలో, మరొకరు వేసవిలో, ఆటనూ చదువునూ చూసుకొన్నారు. ఇద్దరి ఇళ్ల దగ్గరా సొంత కోర్టులు ఉండేవి. ఇద్దరికీ టెన్నిస్ వృత్తి కాదు, పిచ్చి. అదే జాన్సన్ గారి దగ్గర తరువాతి కాలంలో ఆర్థర్ ఆష్ అనే కుర్రవాడు వేసవులు గడిపాడు. 1968లో అమెరికన్ ఓపెన్ గెలిచిన ఆష్, ఆ మరుసటి ఏడాదే మరో ఇద్దరితో కలిసి, ఖర్చు భరించలేని పిల్లలకు ఆట నేర్పేందుకు జాతీయ జూనియర్ టెన్నిస్ లీగ్‌ను స్థాపించాడు. ఇందులో ఎవరూ అటక మీది రాకెట్ ఇచ్చి చేతులు దులుపుకోలేదు. స్థలం ఇచ్చారు, ఏళ్ల తరబడి సమయం ఇచ్చారు.

సరే, తిరిగి బంతి ఎత్తు దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు నష్టం అక్కడ కంటికి కనిపించకుండా జరుగుతుంది. గడ్డం ఎత్తులో వచ్చే బంతిని కొట్టడానికి పిల్లలు రెండే దారులు కనిపెడతారు. ఒకటి, బేస్‌లైన్‌కు చాలా వెనక్కి వెళ్లి, బంతి తిరిగి కిందికి దిగే దాకా ఆగడం. రెండు, రాకెట్ ముఖం మూసుకొనేలా అరచేతిని పిడి కిందికి జరుపుకొని, అతి వెస్టర్న్ గ్రిప్‌లోకి పోవడం. ఆ గ్రిప్ భుజం ఎత్తు బంతికి బాగానే పనిచేస్తుంది కాబట్టి అలవాటైపోతుంది. నాలుగేళ్ల తరువాత ఆ పిల్ల పొడుగు పెరిగి, బంతి మోకాలి ఎత్తులో రావడం మొదలైనప్పుడు, ముందుకు దూసుకెళ్లి, బంతి నేలను తాకకముందే వాలీ కొట్టవలసి వచ్చినప్పుడు, ఆ చేయి తిరగదు. ఇది ఫ్రేము సందులోంచి తొక్కి వంకర అలవాటైన నడుము. దాన్ని సరిచేయడం మొదటి నుంచి నేర్పడం కంటే కష్టమని ఏ కోచ్‌ను అడిగినా చెబుతారు. సర్వీసు సంగతీ ఇంతే. మధ్యలో 91.4 సెంటీమీటర్లు ఉండే నెట్టు మీదుగా, అంత దూరంలోని గడిలోకి బంతిని చేర్చడానికి పిల్లలు చేతిని విసరడం మానేసి, బంతిని తోయడం మొదలుపెడతారు.

పాత సామాన్ల దానం గురించి కూడా చెప్పాలి. పెద్దల రాకెట్ పొడవు 27 అంగుళాలు. ఎరుపు బంతి దశలోని పిల్లలకు 23 అంగుళాలకు మించనిది కావాలి. మీ పాత రాకెట్ బరువు తల వైపు వేలాడుతుంటే, ఆ చిన్న మణికట్టు ప్రతి దెబ్బకూ ఆలస్యం అవుతుంది. గాలి తగ్గిన పాత పసుపు బంతి తక్కువ ఎత్తు లేస్తుంది కదా, అది చాలదా అని అడిగేవారు ఉన్నారు. చాలదు. దాని బరువు తగ్గదు, ఒక్కొక్కటి ఒక్కొక్క ఎత్తు లేస్తుంది, పైన నూలు అరిగిపోయి ఉంటే గాలిలో ఇంకా వేగంగా దూసుకువస్తుంది. పిల్లలకు కావలసింది ప్రతిసారీ ఒకేలా లేచే బంతి. ఎవరికైనా పాత సామాను ఇవ్వాలనే ఉంటే పదహారేళ్ల పిల్లలకు ఇవ్వండి, సంతోషిస్తారు.

సమయం మించిపోతోంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను.

[తెరపై: పై నుంచి చూసిన కోర్టు; అడ్డంగా గీసిన నాలుగు చిన్న కోర్టులు.]

డబుల్స్ గీతల మధ్య వెడల్పు 10.97 మీటర్లు. అంటే ఎరుపు కోర్టు పొడవుకు సరిపోతుంది. ఒక్క పెద్ద కోర్టును అడ్డంగా విభజించి, నేల మీద టేపు అంటించి, రెండు స్టాండ్ల మధ్య ఒక పట్టీ కడితే నాలుగు ఎరుపు కోర్టులు వస్తాయి, ఎనిమిది మంది ఒకేసారి సింగిల్స్ ఆడవచ్చు. వరుసలో నిలబెట్టి బుట్టలోంచి బంతులు అందించడం మొదటి రోజు నుంచే తగ్గించండి. ఎదుటివారితో ర్యాలీ ఆడితేనే, అంటే బంతిని అటూ ఇటూ ఆపకుండా కొట్టుకొంటేనే, బంతి ఎక్కడ పడుతుందో ఊహించడం, కొట్టిన తరువాత మధ్యకు తిరిగి రావడం అలవాటు అవుతాయి. పోటీలు పెట్టండి, కానీ పూర్తి సెట్లు వద్దు, పది పాయింట్ల టై బ్రేక్, అంటే పది పాయింట్ల దాకా సాగే చిన్న ఆట, సరిపోతుంది. బంతి గీత లోపల పడిందా, బయట పడిందా అనే లైన్ కాల్స్ వాళ్లనే చెప్పనివ్వండి, గొడవ పడనివ్వండి. మోకాళ్లు సహకరించనివారు అంపైరింగ్ చేయవచ్చు, రాకెట్లకు దారం వేసి ఇవ్వవచ్చు. పిల్లలతో పనిచేసేటప్పుడు తల్లిదండ్రులకో, మరో పెద్దవారికో కనబడేలా మాత్రమే శిక్షణ ఇవ్వండి. ఇందులో మినహాయింపులు లేవు.

ఎరుపు నుంచి నారింజకు ఎప్పుడు మారాలనేది వయసును మాత్రమే చూసి నిర్ణయించకండి. సర్వీసు, రిటర్న్, ఆ తరువాత ర్యాలీ, ఈ మూడూ తడబాటు లేకుండా సాగుతున్నాయా అని చూడండి. పన్నెండేళ్లకు కొత్తగా మొదలుపెట్టినవారైతే కొన్ని వారాలు నారింజ, ఆకుపచ్చ బంతులతో ఆడి పసుపుకు రావచ్చు. కొత్తగా నేర్చుకొనే పెద్దవారికి కూడా నేను ఇదే సలహా ఇస్తాను, వారు మాత్రం ఎరుపు బంతిని చూడగానే నొచ్చుకుంటారు. సర్వీసును చిన్న కోర్టులో ఎలా మొదలుపెట్టించాలనేది వచ్చే వీడియోలో చూద్దాం.