సంతకం అంటే సాక్ష్యం

(కొత్తగా పరిశోధనలో చేరిన విద్యార్థుల, వారి గైడ్ల సమావేశంలో గుంటూరులో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, సహోపాధ్యాయులకు, ఈ ఏడాది పరిశోధనలో అడుగుపెడుతున్న యువతీయువకులకు నమస్కారం.

పరిశోధనలో నైతిక ప్రమాణాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ విషయం మీద నియమావళులకు కొదవ లేదు. పరిశోధన, ప్రచురణల నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సును 2019 చివరలో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) పీహెచ్‌డీ విద్యార్థులందరికీ తప్పనిసరి చేసింది కనుక, ఆ నియమాలన్నీ మీరు తరగతి గదిలో ఎలాగూ చదువుతారు. వాటిని ఇక్కడ వరసగా అప్పజెప్పి మీ సమయం తీసుకోను. ముప్పై ఏళ్లకు పైగా గణాంకశాస్త్రం బోధించి, కొందరు పరిశోధకులకు గైడ్‌గా ఉండి విశ్రాంతి తీసుకుంటున్న మనిషిగా ఒకే ఒక్క విషయం మీ ముందు ఉంచుతాను. మనం రోజూ పెట్టే సంతకం గురించే నా ప్రసంగమంతా.

మీ ఇళ్లలో తాతల కాలం నాటి భూమి దస్తావేజులు ఉంటే ఒకసారి తీసి చివరి పేజీ చూడండి. ఆస్తి రాసి ఇచ్చినవారి చేవ్రాలు ఒకచోట ఉంటుంది. సంతకం రానివారైతే వేలిముద్ర వేసి, పక్కన నిశానీ అని రాసి ఉంటుంది. సాక్షుల సంతకాలు విడిగా ఉంటాయి. దస్తూరి అన్న మాట పక్కన ఆ కాగితాన్ని తన చేత్తో రాసిన వ్యక్తి పేరు ఉంటుంది. ఇచ్చింది ఎవరు, చూసింది ఎవరు, రాసింది ఎవరు అన్న మూడు ప్రశ్నలకు మూడు వేర్వేరు జవాబులు ఆ ఒక్క పేజీలో దొరుకుతాయి. రేపు తగాదా వచ్చి కోర్టుకెక్కితే ఏ సంగతి ఎవరిని అడగాలో న్యాయాధికారికి అది చూడగానే తెలుస్తుంది. డిగ్రీలు లేని పల్లెటూరి రాయసగాళ్లు పాటించిన ఆ స్పష్టత, సమ్మతి పత్రం నుంచి థీసిస్ ధ్రువపత్రం దాకా మనం పెట్టే సంతకాల్లో ఉందా అన్నది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న.

సమ్మతి పత్రంతోనే మొదలుపెడతాను. 2009లో, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో, పది నుంచి పద్నాలుగేళ్ల వయసున్న సుమారు 14,000 మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం ఒకటి మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించడానికి ఇచ్చే టీకా అది. ఆ బాలికల్లో చాలామంది వసతి గృహాల్లో ఉండి చదువుకుంటున్న పేద పిల్లలు, గిరిజన పిల్లలు. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఈ మాట నొక్కి చెప్పడం నా బాధ్యత, ఎందుకంటే అది ప్రాణాలు కాపాడే టీకా. దాని మీద అపోహలు పెంచడం కూడా తప్పే. అయితే విచారణలో మరో సంగతి బయటపడింది. తల్లో తండ్రో సంతకం పెట్టవలసిన చోట వేల పత్రాల మీద వసతి గృహాల వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది.

ఆ వార్డెన్లను దుర్మార్గులుగా చూడడం నాకు చేతకాదు. పైనుంచి పత్రాల కట్ట వచ్చి ఉంటుంది, గడువు కూడా దానితోపాటే వచ్చి ఉంటుంది. అడవి అంచున ఉన్న ఊరికి వెళ్లి, కూలి నుంచి తిరిగొచ్చిన తల్లిని కూర్చోబెట్టి, ఈ సూది ఎందుకో ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి పట్టే సమయం ఎవరి పట్టికలోనూ లేదు. పరిశోధన పథకాన్ని రాసినవారు ఆ సమయానికి చోటు ఇవ్వకపోవడమే అసలు తప్పని నా అభిప్రాయం. 2017లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇచ్చిన జాతీయ మార్గదర్శకాలు చదవండి: చదువురాని వ్యక్తి వేలిముద్ర వేసేటప్పుడు, పరిశోధన బృందానికి సంబంధంలేని, చదవగలిగిన సాక్షి ఒకరు అక్కడ ఉండాలి, పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతితో పాటు, ఏడేళ్లు దాటినవారికి వారి స్థాయిలో విషయం చెప్పి వారి అంగీకారం కూడా తీసుకోవాలి. నిశానీ పక్కన సాక్షి ఉండాలన్న మన పాత దస్తావేజు నియమమే ఇది. ఈ సభలో వైద్య విద్యార్థులు కూడా ఉన్నారు కనుక ఒక్క మాట. మంచం మీద ఉన్న రోగికి, ఎదుట కాగితం పట్టుకుని నిలబడింది తనకు వైద్యం చేస్తున్న డాక్టరే అయినప్పుడు, వద్దు అనడానికి నోరు రాదు. వీలైతే ఆ కాగితం వేరొకరి చేత అడిగించండి. రోగి ఇంటివాళ్లతో మాట్లాడుకోవడానికి ఒక రాత్రి వ్యవధి ఇవ్వండి.

ఇక పరిశోధన వ్యాసం మీది పేర్లు. అవి కూడా సంతకాలే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ, శరీర ద్రవాల్లోని భాస్వరాన్ని రంగు తీవ్రతను బట్టి కొలిచే పద్ధతిని రూపొందించడంలో పాలుపంచుకున్నారు. 1925లో వెలువడిన ఆ వ్యాసం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అప్పటికి సుబ్బారావుకు డాక్టరేట్ కూడా రాలేదు. అది 1930లో వచ్చింది. వందేళ్లు గడిచినా జీవరసాయన ప్రయోగశాలల్లో దాన్ని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తున్నారు. పని చేసిన చేతి పేరు కాగితం మీద ఉంది కాబట్టే అది మనదాకా వచ్చింది. ఈ పద్ధతిని బోధించేటప్పుడు విద్యార్థులకు ఈ సంగతి కూడా చెప్పమని రసాయనశాస్త్ర మిత్రులను నేను ఎప్పుడూ కోరుతుంటాను.

వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది: పనిలో గణనీయమైన భాగస్వామ్యం, రాయడంలోనో విమర్శనాత్మకంగా దిద్దడంలోనో పాత్ర, తుది ప్రతికి ఆమోదం, వ్యాసంలోని ప్రతి అంశానికీ జవాబుదారీ. నాలుగూ ఉండాలి. విభాగాధిపతి అన్న కారణంగా చేర్చే పేరుకు మొదటి షరతే నెరవేరదు. పేరు చేర్చమని పెద్దలు నోరు తెరిచి అడగకపోవచ్చు. చేర్చకపోతే ఏమవుతుందోనన్న భయం మాత్రం విద్యార్థికి చేరిన మొదటి నెలలోనే పట్టుకుంటుంది. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే పత్రికల సంగతి మీకు తెలిసిందే. థీసిస్ సమర్పణకు ముందు వ్యాసం అచ్చవ్వాలన్న నిబంధనను 2022 నియమాల్లో యూజీసీ తొలగించింది. తాను ఆమోదించిన పత్రికల జాబితాను, అంటే కేర్ జాబితాను, ఆపేస్తున్నట్టు 2025లో ప్రకటించింది. ఏ పత్రిక మంచిదో ఇకపై మనమే చదివి తేల్చుకోవాలి.

పెట్టని సంతకం గురించి కూడా మాట్లాడాలి. గైడ్ల ఎదుట ఈ మాట అనడం కొంత ఇబ్బందే, అయినా అంటాను. గైడ్ సంతకం లేనిదే ఫెలోషిప్ కాగితం కదలదు, ప్రగతి నివేదిక కదలదు, థీసిస్ అసలే కదలదు. ఇంత అధికారం ఒక్క కలంలో ఉన్నప్పుడు దాన్ని వారం రోజులు జేబులో పెట్టుకుని తిరగడం కూడా వృత్తిపరమైన అపరాధమే. ఆ వారంలో విద్యార్థి చేత బ్యాంకు పనులు చేయించుకున్నవారిని, తన వంతు జవాబు పత్రాలు దిద్దించుకున్నవారిని నేను చూశాను. అంతకంటే ఘోరమైనవి విద్యార్థినులు చెప్పగా విన్నాను. విద్యాసంస్థల్లో లైంగిక వేధింపుల నివారణకు యూజీసీ ఇచ్చిన 2015 నిబంధనల్లో, ఎక్కువమంది గమనించని వాక్యం ఒకటి ఉంది: విచారణ జరుగుతున్నంత కాలం ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి ఫిర్యాదు చేసినవారి పనిని మూల్యాంకనం చేయకుండా సంస్థ నిలువరించవచ్చు. అంటే ఆ సంతకం అధికారాన్ని మరొకరికి మార్చవచ్చు. ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఉంది, విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఇక్కడున్న అమ్మాయిలు మీ కళాశాల అంతర్గత ఫిర్యాదుల కమిటీలో ఎవరెవరు ఉన్నారో ఈ రోజే తెలుసుకుని పెట్టుకోండి.

చివరగా థీసిస్ మీది ధ్రువపత్రం. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం, తన పర్యవేక్షణలో జరిగిన పనిలో గ్రంథచౌర్యం లేదని గైడ్ సంతకం చేసి ఇవ్వాలి. ఇతరుల రాతలతో పోలిక పది శాతం దాకా ఉంటే శిక్ష లేదు. పది నుంచి నలభై శాతమైతే గరిష్ఠంగా ఆరు నెలల్లో సవరించి ఇవ్వాలి. నలభై నుంచి అరవై అయితే ఏడాదిపాటు సమర్పించడానికి వీల్లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఈ నిబంధనలు రావడం మంచిదైంది. కానీ వచ్చాక ఒక వింత అలవాటు కూడా మొదలైంది: పోలికను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ రిపోర్టులో తొమ్మిది శాతం వస్తే పరీక్ష పాసైనట్టు భావించడం, పద్నాలుగు వస్తే వాక్యాల్లో మాటలు అటూ ఇటూ మార్చి తొమ్మిదికి దించడం. ఇంగ్లిషు వ్యాసాన్ని తెలుగులోకి మార్చుకుని సొంతమని చూపితే ఆ సాఫ్ట్‌వేర్ సులువుగా పట్టుకోలేదు. అన్నిటికంటే పెద్ద లోపం ఒకటుంది. కల్పించిన అంకెలకు ఎక్కడా మూలం ఉండదు కాబట్టి దానికి పోలికే దొరకదు. పూర్తిగా అబద్ధమైన పట్టిక ఆ రిపోర్టులో అన్నిటికంటే శుభ్రంగా కనిపిస్తుంది.

ఇది నాకు అనుభవంతో తెలిసింది. చాలా ఏళ్ల కిందట నా దగ్గర ఒక పరిశోధకుడు పల్నాడు మిర్చి రైతుల మీద సర్వే చేశాడు. పంటకు ఎన్నిసార్లు మందు కొట్టారు, ఎకరానికి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, తాలు ఎంత పోయింది, అప్పు ఎక్కడ తెచ్చారు, ఇవీ ప్రశ్నలు. పట్టికలు బాగా కుదిరాయి, పరీక్షలన్నీ సరిగ్గా వచ్చాయి, నేను ప్రగతి నివేదికల మీద సంతకాలు పెట్టుకుంటూ పోయాను. ఒకరోజు తరగతిలో ఒక పాఠానికి ఉదాహరణ కావాలనుకున్నాను. మనుషులు జ్ఞాపకం మీద చెప్పే అంకెలు పది, పదిహేను, ఇరవై వంటి గుండు సంఖ్యల దగ్గర గుంపు కడతాయి. అది చూపించడానికి అతని సర్వే పత్రాల కట్ట విప్పాను. మొదటి నలభై పత్రాల్లో నేను వెతుకుతున్నది ఉంది. ఆ తర్వాత లేదు. పదమూడు, పదిహేడు, ఇరవై మూడు, ఇలా చక్కగా చెదిరిన అంకెలు. ఒక్క ఖాళీ లేదు, ఒక్కరు కూడా గుర్తులేదని అనలేదు.

పిలిచి అడిగాను. అతను దాచలేదు. నలభై మందిని నిజంగానే కలిశాడు. తర్వాతి ఊళ్లలో కౌలు రైతులు నోరు విప్పలేదు. కౌలు సంగతి భూమి యజమానికి, బాకీల సంగతి మందుల దుకాణానికి చేరుతుందని వాళ్ల భయం. మిగిలినవి హాస్టల్ గదిలో కూర్చుని నింపాడు. వాళ్లు మాట్లాడడం లేదని అతను మొదట్లోనే నాతో చెప్పాడు. ఎలాగోలా పూర్తి చెయ్యి అని నేను అన్నాను. ఆ ఎలాగోలా అన్న మాట నాది. అతను నా మాట జవదాటలేదు.

పాత నివేదికల మీది నా సంతకాలను వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి ఇచ్చాను. ఇంత దూరం వచ్చాక ఎందుకని నేను పనిచేస్తున్న చోట హితవు చెప్పినవారున్నారు. ఫిబ్రవరిలో కల్లాల్లో కాయలు ఆరబోసే రోజుల్లో ఇద్దరం కలిసి మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లాం. పేర్లు రాయలేదు, యజమాని ఎవరని అడగలేదు, రాసుకున్నది చదివి వినిపించాం, ఇష్టం లేదన్నవారికి దణ్ణం పెట్టి ముందుకు కదిలాం. ఏడాదికి పైగా పట్టింది. అతని ఫెలోషిప్ గడువు అయిపోయింది. ఇంటి దగ్గర అతను పడిన మాటలకు నేను కూడా కారణమే. నిజంగా చెప్పించుకున్న పిచికారీల సంఖ్య, గదిలో ఊహించి రాసిన దానికంటే బాగా ఎక్కువగా తేలింది. మొదటి థీసిస్ అలాగే వెళ్లి ఉంటే, ఆ రైతులు తక్కువ మందు వాడుతున్నారన్న అబద్ధం, థీసిస్‌లను భద్రపరిచే ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో శాశ్వతంగా ఉండిపోయేది, మరొకరు దాన్ని ఉదహరించేవారు. కొత్త థీసిస్‌లో, మాట్లాడడానికి ఇష్టపడనివారు ఊరికి ఎంతమందో చెప్పే చిన్న పట్టిక ఒకటి చేర్చాడు. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, మొదటి ప్రశ్న దాని మీదే వచ్చింది, దానికి అతను అరగంట సమాధానం చెప్పాడు.

ఆ మొదటి కట్టను అతని అనుమతితో ఈ రోజు తెచ్చాను. రైతుల పేర్లున్న కాగితాలు తీసేశాను. టీ విరామంలో ఆ బల్ల దగ్గరికి వచ్చి, నలభైయవ పత్రానికి అటూ ఇటూ ఉన్న అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ప్రతి పత్రం కింద నా పొట్టి సంతకం కూడా ఉంటుంది.