ఎమరాల్డ్ కట్ ఉంగరం: కొనే ముందు రాయిని ఎలా చూడాలి

(తెర మీద: తెల్ల కాగితంపై రెండు వజ్రాలు. ఒకటి గుండ్రనిది, ఇంకొకటి ఎమరాల్డ్ కట్.)

నిశ్చితార్థం ఉంగరానికి ఎమరాల్డ్ కట్ తీసుకోవాలనుకుంటున్నారా? ముందు పేరు సంగతి చూద్దాం. ఎమరాల్డ్ అంటే పచ్చ. కానీ ఎమరాల్డ్ కట్ అంటే పచ్చరాయి కాదు, రాయిని సానపట్టే పద్ధతి. పచ్చ పెళుసు రాయి, మూలలు ఇట్టే విరుగుతాయి. అందుకే దాని నాలుగు మూలలనీ ఏటవాలుగా కోసేవారు. అదే పద్ధతి వజ్రానికీ వచ్చింది.

ఈ రెండు రాళ్లనీ కాస్త కదిపి చూడండి. గుండ్రటి వజ్రం వెలుగును చిన్న చిన్న మెరుపులుగా చిమ్ముతుంది. ఎమరాల్డ్ కట్‌లో పలకలు పొడవుగా ఉంటాయి, అంచు వెంబడి మెట్లలా దిగుతాయి. అందుకే ఇందులో వెడల్పాటి వెలుగు పట్టె, దాని పక్కనే చీకటి పట్టె. రాయి వంచితే అవి చోట్లు మార్చుకుంటాయి. ఎంతసేపు చూసినా విసుగు రాని అందం ఇది. అయితే ఈ రాయి ఏదీ దాచదు.

(తెర మీద: భూతద్దం కింద రాయి పై పలక. మధ్యలో చిన్న నల్ల మచ్చ.)

ఈ మచ్చ గుండ్రటి రాయిలో ఉంటే మెరుపుల్లో కలిసిపోయేది. ఇక్కడ అద్దం మీద చుక్కలా కనబడుతోంది. పైగా కింది మెట్లు దాన్నే రెండు మూడు చోట్ల ప్రతిబింబిస్తాయి. కాబట్టి క్లారిటీలో, అంటే రాయిలో మచ్చలు ఎంత తక్కువో చెప్పే గ్రేడుల్లో, వీఎస్1 నుంచి వెతకడం మొదలుపెట్టండి. దాని కింది గ్రేడు వీఎస్2 కూడా బాగానే ఉండొచ్చు, కానీ మచ్చ ఎక్కడుందో చూడాలి. నడిమధ్యన నల్లటిది వద్దు. మూల దగ్గర తెల్లటిదైతే కొక్కెం కింద దాగిపోతుంది. ఇంకా కిందిదైన ఎస్ఐ గ్రేడు రాయిని కళ్లారా చూడకుండా తీసుకోకండి.

రంగు విషయానికొస్తే, గ్రేడులు డి నుంచి జెడ్ దాకా ఉంటాయి, అక్షరం ముందుకు పోయేకొద్దీ పసుపు ఛాయ పెరుగుతుంది. ప్లాటినంలో, తెల్ల బంగారంలో హెచ్ కంటే కిందికి దిగకపోవడం మేలు. పసుపు బంగారంలో ఐ, జె కూడా చక్కగా కుదురుతాయి.

ఇక సర్టిఫికెట్. వజ్రాలను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ జీఐఏ ఈ ఆకారానికి కట్ గ్రేడు, అంటే సానపట్టిన తీరుకు గ్రేడు, ఇవ్వదు. అందులో ఎక్సలెంట్ అని కనిపిస్తే అది పాలిష్‌కో, సిమెట్రీకో ఇచ్చింది. కొలతల లెక్క మీరే వేసుకోవాలి.

(తెర మీద: 7.00 × 5.00 × 3.30 మి.మీ.)

పొడవును వెడల్పుతో భాగించండి: 1.40. 1.30 నుంచి 1.50 మధ్య ఏదైనా ఎమరాల్డ్ కట్‌కి నప్పుతుంది. 1.30 నిండుగా, 1.50 సన్నగా కనిపిస్తుంది. లోతును వెడల్పుతో భాగిస్తే 66 శాతం. 60 నుంచి 68 శాతం లోపు ఉన్నవాటిని ముందు చూడండి. 75 శాతం లోతున్న రాయిలో బరువంతా అడుగునే ఉంటుంది. డబ్బు క్యారెట్‌కి ఇస్తారు, పైనుంచి చూస్తే మాత్రం చిన్నగా అనిపిస్తుంది.

అంకెలన్నీ కుదిరినా రాయి బాగుండకపోవచ్చు. అందుకే ఈ పరీక్ష తప్పనిసరి. షాపులో స్పాట్‌లైట్ల కింద ప్రతి రాయీ మెరుస్తుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి. రెండు వేళ్ల మధ్య పట్టుకుని పైనుంచి చూడండి. నడిమి భాగం గాజుముక్కలా మారి, కిందున్న వేలి చర్మం కనిపిస్తే, అడుగు పలకల వాలు చాలనట్టే. వెలుగు వెనక్కి తిరగకుండా కిందికి జారిపోతోంది. అటూ ఇటూ వంచినా నడుమ నలుపు కదలకపోతే ఆ రాయి కూడా వద్దు. చివరగా అడుగున ఉన్న గీత. మెట్లన్నీ కలిసే ఆ గీత సరిగ్గా మధ్యలో, పొడవాటి అంచులకు సమాంతరంగా ఉండాలి. వంకరగా ఉంటే పట్టెలన్నీ వంకరే. ఆన్‌లైన్‌లో కొంటే రాయిని వంచి చూపే వీడియో అడగండి, ఫొటో చాలదు.

(తెర మీద: ఉంగరం పక్కనుంచి.)

పొదిగేటప్పుడు నాలుగు మూలలకూ కొక్కేలు గట్టిగా పట్టాలి. దెబ్బలకు ముందుగా గురయ్యేవి మూలలే. వేలి చుట్టూ ఉండే కడ్డీ వెడల్పు 1.8 మి.మీ. కంటే తగ్గితే వంగే ప్రమాదముంది. పక్కన రాళ్లు పెట్టించాలనుకుంటే బాగెట్లు, అంటే సన్నగా పొడవుగా ఉండే చిన్న రాళ్లు, బాగుంటాయి, అవీ మెట్ల పలకలవే. రంగు మాత్రం మధ్య రాయితో కలవాలి.

నిజంగా పచ్చరాయే కావాలంటే లెక్క వేరు. రాయి గట్టితనాన్ని చెప్పే మోస్ కొలతలో వజ్రం 10, నీలం 9, పచ్చ 7.5 నుంచి 8. పచ్చలో సహజంగా ఉండే చీలికలను నూనెతో నింపుతారు. అందుకే అల్ట్రాసోనిక్ మెషీన్‌లో, ఆవిరితో దాన్ని శుభ్రం చేయకూడదు. నాలుగు కొక్కేల బదులు చుట్టూ లోహపు అంచు కట్టించండి.

వజ్రమైతే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, మెత్తని బ్రష్ చాలు. పై పలక పెద్దది కాబట్టి వేలి జిడ్డు త్వరగా తెలుస్తుంది. కడిగి ఆరాక చెవి దగ్గర పెట్టి మెల్లగా తట్టండి. టిక్ టిక్ అని వినబడితే రాయి కదులుతోంది. కొక్కేలు బిగించేదాకా ఆ ఉంగరం పెట్టుకోకండి.