సముద్రం చప్పుడు విన్న విమానం

శ్రోతలకు నమస్కారం. పోయిన సెలవుల్లో మా మనవడిని వెంటబెట్టుకుని విజయవాడలో రత్నాచల్ ఎక్కాను. మన నౌకాదళం ఒకప్పుడు నడిపిన, ఇప్పుడు విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలబెట్టిన టీయూ-142 విమానాన్ని చూపిస్తానని వాడికి ఎప్పుడో మాటిచ్చాను.

ఎంత పెద్ద విమానమో! ఒక రెక్క కొస నుంచి రెండో రెక్క కొసకు సుమారు 50 మీటర్లు. మా వాడు మాత్రం ప్రొపెల్లర్ల దగ్గరే ఆగిపోయాడు. ఇంజన్లు నాలుగు. ఒక్కోదానికి ముందొకటి, వెనకొకటి, రెండేసి ప్రొపెల్లర్లు. ముందుది ఒకవైపు తిరిగితే వెనకది దానికి ఎదురు తిరుగుతుంది. ముందుది సుడి తిప్పి వదిలిన గాలిని వెనకది సరిచేసి నెడుతుంది కాబట్టి ఇంజను బలం వృథా పోదు.

"ఇది బాంబులు వేస్తుందా తాతయ్యా?" అని అడిగాడు. ఆయుధాలూ మోసేది గానీ, దీని అసలు పని వినడం. నీళ్లలో దాక్కున్న జలాంతర్గామి పైనుంచి కంటికి కనపడదు. రాడార్ కిరణాలు కూడా సముద్రంలోకి దిగవు. శబ్దం ఒక్కటే నీళ్లలో చాలా దూరం పోతుంది. గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్లే శబ్దం నీటిలో 1500 మీటర్లు వెళ్తుంది. చిన్నప్పుడు మేం బందరు కాలవలో మునిగి, రెండు రాళ్లు కొట్టుకుని ఆడేవాళ్లం. ఎక్కడో అవతల కొట్టినా చెవి పక్కనే టక్కుమనేది.

లోపల సోనోబాయ్ చూశాం. చూడ్డానికి పొడుగాటి గొట్టం, అంతే. విమానం నుంచి దాన్ని సముద్రంలోకి జారవిడుస్తారు. అది పైన తేలుతూ, తీగకు కట్టిన మైకును లోతుకు దించుతుంది. విన్న చప్పుడును రేడియోలో విమానానికి పంపుతుంది. రేడియోలో మైకు ముందు కూర్చుని ఈ మాటలు చెబుతున్న నాకు ఆ గొట్టం మీద ప్రత్యేకమైన ప్రేమ కలిగింది. విమానంలో ఇరుకు సీట్లలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గంటల తరబడి అలల హోరులోంచి ఒక యంత్రం చప్పుడును ఏరి పట్టుకున్న మన నౌకాదళం వాళ్లను తలచుకుంటే ఒళ్లు పులకరించింది.

1988లో నౌకాదళంలో చేరిన ఈ రకం విమానాలు 29 ఏళ్లు పనిచేసి 2017లో సెలవు తీసుకున్నాయి. 30 వేల గంటలు ఎగిరినా ఒక్క ప్రమాదం లేదు. ఈ విమానాన్ని విడదీసి, బీచ్ రోడ్డుకు తెచ్చి మళ్లీ బిగించారు. రోడ్డుకు అవతల ఒడ్డున కురుసుర జలాంతర్గామి ఉంది. వెతికేదీ, దాక్కునేదీ ఇప్పుడు ఎదురెదురుగా.

ఇంటికొచ్చిన మర్నాడు మా వాడు పెరట్లో నీళ్ల తొట్టి నిండా పట్టి, ఒక చెవి ముంచి, రెండోది వేలితో మూసుకున్నాడు. అటు పక్క నీళ్లలో రెండు గులకరాళ్లు కొట్టమన్నాడు. కొట్టాను. "ఇంకా మెల్లగా తాతయ్యా" అన్నాడు. రాళ్లు ఊరికే తాకించాను. తల ఎత్తకుండానే, వినపడిందని చెయ్యి ఊపాడు.