తుపాకీ ఎంత తంతుంది? కాగితం మీద, భుజం మీద

ఎన్‌సీసీ క్యాడెట్లకు, రేంజ్‌లో వాళ్ల పక్కన కూర్చునే ఇన్‌స్ట్రక్టర్లకు నమస్కారం.

తొలిసారి ఫైరింగ్‌కి వెళ్లేవాళ్లకు వచ్చే అనుమానం ఒక్కటే: ఎంత తంతుంది? దీనికి లెక్క ఉంది. కావలసినవి నాలుగు సంఖ్యలు: బుల్లెట్ బరువు, దాని వేగం, బుల్లెట్‌ను తోసే పేలుడు మందు బరువు, రైఫిల్ బరువు.

మన పోలీసుల భుజాన దశాబ్దాలు వేలాడిన .303 లీ-ఎన్‌ఫీల్డ్‌నే తీసుకుందాం. బుల్లెట్ 11.3 గ్రాములు, మూతి దగ్గర వేగం సెకనుకు 744 మీటర్లు. గ్రాములను కిలోల్లోకి మార్చి గుణిస్తే ద్రవ్యవేగం 8.4. బళ్లో చేసిన లెక్క ఇక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే అందులో బుల్లెట్, తుపాకీ తప్ప మూడోది ఉండదు. అసలు రేంజ్‌లో మూడోది ఉంది. తూటాలోని (తూటా అంటే బుల్లెట్, మందు, ఇత్తడి కేసు అన్నీ కలిపి) 2.4 గ్రాముల మందు కాలి, వాయువై, బుల్లెట్ వెనకే, బుల్లెట్ కంటే వేగంగా బయటికి ఎగదన్నుకొస్తుంది. దాని వేగం సుమారు 1200 మీటర్లు అనుకుంటే మన అవసరానికి చాలు. దాని వాటా 2.9. రెండూ కలిపితే 11.3. బుల్లెట్ గ్రాములు కూడా 11.3 కావడం యాదృచ్ఛికం, తికమక పడకండి.

ఇప్పుడు రైఫిల్ బరువు 4 కిలోలతో భాగించండి. సెకనుకు 2.8 మీటర్ల వేగంతో రైఫిల్ వెనక్కి వస్తుంది. శక్తి దాదాపు 16 జౌళ్లు. జౌళ్లంటే మనసుకు ఎక్కదు కాబట్టి ఇలా చూడండి: అదే రైఫిల్‌ను ఉయ్యాలలా తాళ్లకు వేలాడదీసి పేలిస్తే, వెనక్కి ఊగి 40 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. మన దేశంలో తయారైన 5.56 ఇన్సాస్ రైఫిల్ అయితే 9 సెంటీమీటర్లు. మీరు ముందు పట్టుకోబోయే .22 అయితే 6 మిల్లీమీటర్లు. అవును, మిల్లీమీటర్లే.

లెక్క తప్పేది ఎక్కువగా రెండు చోట్ల. తూటా మొత్తాన్ని, అంటే సుమారు 25 గ్రాములనూ, బుల్లెట్ బరువుగా వేసేస్తారు. ఇత్తడి కేసు ఛాంబర్‌లోనే, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోటే, ఉండిపోతుంది కదా! రెండోది గ్రెయిన్లు. పాత పట్టికల్లో ఈ బుల్లెట్ 174 గ్రెయిన్లని ఉంటుంది. గ్రెయిన్ అంటే గ్రాము కాదు, 0.065 గ్రాము.

బరువు సంగతి కూడా గమనించండి. మోయలేక తేలిక రైఫిల్ కావాలంటారు. అదే తూటాను 3 కిలోల రైఫిల్‌లో పేలిస్తే 16 జౌళ్లు 21 దాటుతాయి. నడిచేటప్పుడు మిగిలిన కిలో, పేల్చేటప్పుడు వడ్డీతో వసూలవుతుంది.

ఇక భుజం దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఒకే 16 జౌళ్లు ఒకరికి తోపు, ఇంకొకరికి గుద్దు. ఆ శక్తిని భుజం 2 సెంటీమీటర్ల దూరంలో ఆపితే సగటున 80 కిలోల బరువంత ఒత్తిడి. 4 సెంటీమీటర్లలో ఆపితే 40 కిలోలే. బట్‌కి, అంటే భుజానికి ఆనించే రైఫిల్ వెనక భాగానికి, రబ్బరు ప్యాడ్ ఎందుకు వేస్తారో ఇదే లెక్క చెబుతుంది. బట్‌కీ భుజానికీ మధ్య వేలెడు సందు వదిలినవాడికి ఇంకో కష్టం: రైఫిల్ ఒంటరిగా పూర్తి వేగం అందుకుని, ఇత్తడి పలకతో వచ్చి ఎముకను కొడుతుంది. భుజం గుంటలోకి బిగించి పట్టుకుంటే మొదటి క్షణం నుంచే ఒళ్లు రైఫిల్‌తో కలిసి కదులుతుంది. నిలబడి పేల్చేవాడి నడుము కాస్త వెనక్కి వాలుతుంది. పడుకుని పేల్చేవాడి ఒళ్లు నేలకు అంటుకుని ఉండి అలా వాలదు. అందుకే పడుకున్నప్పుడే ఎక్కువ తన్నినట్టుంటుంది.

అయితే గురి చెడగొట్టేది ఈ తన్ను కాదు. బుల్లెట్ గొట్టం దాటడానికి రెండు మిల్లీసెకన్లు కూడా పట్టదు. అంతలో .303 వెనక్కి జరిగేది సుమారు 2 మిల్లీమీటర్లు, ఒక అగ్గిపుల్ల మందం. మిగతా తన్నంతా బుల్లెట్ వెళ్లిపోయాకే. గురి చెడేది తన్నుకు ముందే: కన్ను మూసుకుంటుంది, భుజం ముందుకు తోస్తుంది, ట్రిగ్గర్‌ను గుంజేస్తారు. గుళ్లు కిందికి దిగుతాయి.

దీన్ని పట్టుకోవడానికి ఇన్‌స్ట్రక్టర్ తానే లోడ్ చేసి, అసలు తూటాల మధ్య చెప్పకుండా ఒక డ్రిల్ కార్ట్రిడ్జ్ (మందు లేని ఉత్తుత్తి తూటా) పెట్టాలి. పిన్ టిక్కుమంటుంది, పేలుడు ఉండదు. అప్పుడు క్యాడెట్ మొహం వైపు కాదు, రైఫిల్ మూతి వైపు చూడండి. నిలకడగా ఉంటే మంచిదే. ముక్కు వంచినట్టు కిందికి వాలితే భయం దొరికిపోయినట్టే. టిక్కుమన్నా సరే, మూతి లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగాకే బోల్ట్ తీయాలి. అది డ్రిల్ కార్ట్రిడ్జో, ఆలస్యంగా పేలబోయే తూటానో క్యాడెట్‌కి తెలియదు. మూతి వాలినవాళ్లకు ఆ రోజు .303 ఆపేసి, .22తో పది రౌండ్లు పేల్పించి, మళ్లీ డ్రిల్ కార్ట్రిడ్జ్ పెట్టి చూడండి.