నూనె బొట్టును గాల్లో ఆపుదాం: విద్యుత్ క్షేత్రంలో ఆవేశం మీద పనిచేసే బలం

అందరికీ నమస్తే. ఇవాళ ఒక నూనె బొట్టును గాల్లో నిలబెడదాం.

బోర్డు చూడండి. ఒకదాని పైన ఒకటిగా రెండు లోహపు పలకలు, మధ్యలో 16 మిల్లీమీటర్ల ఖాళీ. పై పలక ప్లస్, కింది పలక మైనస్, మధ్య 4800 వోల్టులు. అంచుల సంగతి వదిలేస్తే లోపల క్షేత్రం అంతటా ఒకటే. వోల్టులను దూరంతో భాగించండి, మీటరుకు 3 లక్షల వోల్టులు వస్తుంది. దిశ ప్లస్ నుంచి మైనస్‌కి, అంటే కిందికి.

ఇప్పుడు స్ప్రే కొడితే వచ్చిన తుంపరలోంచి ఒక బొట్టు లోపలికి దిగింది. రాపిడికి దానికి కొన్ని ఎలక్ట్రాన్లు అంటుకున్నాయి. ఎఫ్ ఈక్వల్ టు క్యూ ఈ, అంటే బలం = ఆవేశం × క్షేత్రం, అందరికీ నోటికొచ్చు. అయినా ఇక్కడే సగం మంది పప్పులో కాలేస్తారు. క్షేత్రం కిందికి ఉంది కదా అని బలం బాణం కూడా కిందికే గీసేస్తారు. ఆగండి! క్షేత్రం బాణం చెప్పేది అక్కడ ప్లస్ ఆవేశం ఉంటే ఎటు పోతుందో. మన బొట్టు మైనస్. దాని మీద బలం పైకి.

బొట్టు బరువు 2.4 × 10⁻¹³ న్యూటన్లు అనుకుందాం. ఇంత చిన్నదాన్ని ఏ త్రాసులో తూచారు సార్ అంటారేమో. పలకలకు సప్లై తీసేస్తే, గాలి అడ్డుకోవడం వల్ల బొట్టు ఒకే వేగంతో నిదానంగా దిగుతుంది. ఆ వేగం కొలిస్తే స్టోక్స్ సూత్రం బొట్టు సైజు చెబుతుంది, సైజును బట్టి బరువు. షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ మిల్లికన్ చేసిందీ ఇదే. నీటి బొట్లు చూస్తుండగానే ఆవిరైపోతుంటే నూనెకు మారారు. 1913లో ఆయన ప్రచురించిన ఎలక్ట్రాన్ ఆవేశం 1.592 × 10⁻¹⁹ కూలుంబులు. నేటి విలువ 1.602. గాలి స్నిగ్ధతకు, అంటే కదిలేదాన్ని గాలి ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకెకు, ఆయన వాడిన విలువ కాస్త తప్పు, తేడా ప్రధానంగా అందుకే.

సరే, మన బొట్టు కదలకుండా నిలబడింది. పైకి క్యూ ఈ, కిందికి బరువు, రెండూ సమానం. బరువును 3 లక్షలతో భాగిస్తే 8 × 10⁻¹⁹ కూలుంబులు. ఒక్కో ఎలక్ట్రాన్‌కు 1.6 × 10⁻¹⁹ చొప్పున లెక్కేస్తే సరిగ్గా 5 ఎలక్ట్రాన్లు.

అసలు మజా ఇప్పుడు. ఎక్స్-కిరణాలు పంపాం, గాలి అయనీకరణం చెందింది, అంటే గాలి అణువులు ఆవేశం ఉన్న ముక్కలయ్యాయి, బొట్టు మీద ఎలక్ట్రాన్ ఒకటి తగ్గింది. బొట్టు జారిపోతోంది. మళ్లీ ఆపాలంటే ఎన్ని వోల్టులు? వీడియో ఆపి లెక్క వేయండి.

వేశారా? 6000. తగ్గడానికి బదులు ఒకటి పెరిగి 6 అయ్యుంటే 4000 చాలు. మధ్యలో 5000 పెట్టండి, 5500 పెట్టండి, ఈ బొట్టు నిలబడదు. ఎందుకంటే నాలుగున్నర ఎలక్ట్రాన్లంటూ ఉండవు.

మూడే మిగిలితే ఎంత కావాలో నోటుబుక్కులో వేసి చూడండి. బాణాలు గీశాకే అంకెలు!