వాన పడితే కారు మిస్ కొడుతోంది

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్ రాజమండ్రి నుంచి. చెప్పండమ్మా, లైన్లో ఉన్నారు.

శ్రోత: నమస్కారం సార్. మాది 2008 మోడల్ పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు. ఎండ కాస్తున్నన్నాళ్లూ బాగానే ఉంటుంది. వాన పడిన మర్నాడు స్టార్ట్ చేస్తే గడగడ వణుకుతుంది, బ్రిడ్జి ఎక్కేటప్పుడు లాగదు. షెడ్డులో పెట్రోలును వెలిగించే ప్లగ్గులు మార్చారు, తగ్గలేదు. ఇప్పుడు ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్ ప్యాక్ పోయింది, ఆరు వేలవుతుంది అంటున్నారు. మా నాన్నగారేమో ముందు డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తుడవమంటారు. బానెట్ ఎత్తి అరగంట వెతికాం, అది కనపడలేదు.

నిపుణుడు: ఉంటే కదమ్మా కనపడటానికి! నాన్నగారు అంబాసిడర్ నడిపారా?

శ్రోత: ఇరవై ఏళ్లు టాక్సీ తోలారండీ. పక్కనే ఉన్నారు, ఇస్తాను.

తండ్రి: నమస్తే అండీ. వానకి మిస్ కొట్టిందంటే, అదే, ఒక సిలిండర్లో పెట్రోలు మండలేదంటే, క్యాప్‌లో చెమ్మ చేరినట్టే. పొడిగుడ్డతో తుడిచి, కాయిల్ కరెంటును తెంపే సీబీ పాయింట్‌ని ఎమరీ కాగితంతో గీకితే దారికొస్తుంది. మేం అలాగే చేసేవాళ్లం.

నిపుణుడు: చెమ్మ అన్నది కరెక్టే బాబాయ్ గారూ, అది చేరే చోటే మారింది. అంబాసిడర్లో కాయిల్ ఒక్కటే. దాని కరెంటును నాలుగు ప్లగ్గులకీ వంతులవారీగా పంచడానికి క్యాప్ లోపల రోటర్ తిరిగేది. మీ అమ్మాయిగారి కారులో ఒక్క డబ్బాలో రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకటి 1, 4 సిలిండర్లకి, రెండోది 2, 3కి. ఈ జంటల్లో పిస్టన్లు రెండూ ఒకేసారి పైకొస్తాయి కదా. ఒకదాంట్లో పెట్రోలు, గాలి నొక్కుకుని మండటానికి సిద్ధంగా ఉంటాయి, రెండోదాంట్లో కాలిన పొగ బయటికి పోతుంటుంది. రెండు ప్లగ్గులూ ఒకేసారి వెలుగుతాయి.

తండ్రి: పొగలో స్పార్క్ ఎందుకండీ, దండగ కాదూ?

నిపుణుడు: దండగే! ఇంగ్లీషులో దాని పేరు కూడా వేస్టెడ్ స్పార్కే. అక్కడ ఒత్తిడి ఉండదు కాబట్టి కొంచెం వోల్టేజీకే దూకేస్తుంది, పెద్ద నష్టం లేదు. ఆ దండగను ఒప్పుకున్నందుకే రోటర్, క్యాప్ అక్కర్లేకుండా పోయాయి. ఇదేం కొత్త ఆలోచన కాదు. 1948లో ఫ్రాన్స్‌లో వచ్చిన సిట్రోయెన్ 2సీవీకి రెండే సిలిండర్లు, దాంట్లోనూ ఇదే పద్ధతి. కాకపోతే దానికి పాయింట్లు ఉండేవి.

తండ్రి: మరి పాయింట్లు లేకుండా టైమింగ్ ఎవరు చూస్తారు?

నిపుణుడు: పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంక్, దాని మీద పళ్ల చక్రం ఉంటుంది. చాలా కార్లలో 60 పళ్లకి చోటుండి, రెండు కావాలనే తీసేస్తారు. పక్కనున్న సెన్సర్ ముందు నుంచి ఆ బోసి పోయినప్పుడల్లా ఈసీయూకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కి, క్రాంక్ ఎక్కడుందో తెలిసిపోతుంది. అక్కణ్ణించి పళ్లు లెక్కబెట్టుకుని, సరైన క్షణంలో కాయిల్‌కి కరెంటు ఆపేస్తుంది. ఆపగానే స్పార్క్. ఇంకో లాభం, 3000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 3000 చుట్ల దగ్గర మీ పాత కాయిల్ సెకనుకి 100 సార్లు కొట్టాలి. ఇక్కడ ఒక్కో కాయిల్ 50 సార్లే. నిండటానికి టైం దొరుకుతుంది.

వ్యాఖ్యాత: మరి ఆ ఆరు వేల సంగతి?

నిపుణుడు: అమ్మాయికివ్వండి. అమ్మా, కంప్యూటర్‌లో తప్పులు చదివే స్కానర్ పెట్టారా?

శ్రోత: పెట్టారండీ. పీ0302 అని రాసిచ్చారు.

నిపుణుడు: అంటే 2వ సిలిండర్ మిస్. 3 గురించి ఏమీ రాలేదా? అయితే కాయిల్ మార్చడానికి తొందరపడకండి. కరెంటు కాయిల్ ఒక చివర బయల్దేరి, 2వ ప్లగ్గులో దూకి, ఇంజిన్ బాడీలోంచి వెళ్లి, 3లో దూకి రెండో చివరకి చేరుతుంది. కాయిల్ లోపల తెగితే మామూలుగా రెండూ మిస్ కొట్టాలి. ఒక్క 2 మాత్రమే, అదీ చెమ్మకే అంటే, ఆ వైరో, ప్లగ్గు మీది రబ్బరు టోపీయో పగిలి కరెంటు బాడీకి పారిపోతోందని నా అనుమానం. బాడీకి పోయినా దారి పూర్తవుతుంది కాబట్టి 3 మామూలుగానే పనిచేస్తుంది.

శ్రోత: అది ఎలా తెలుసుకోవాలి సార్?

నిపుణుడు: రాత్రి చీకట్లో ఇంజిన్ ఆన్‌లో పెట్టి, వైర్ల మీద దూరం నుంచి నీళ్లు సన్నగా స్ప్రే చేయండి. కారుతున్న చోట నీలంగా చిటపటలాడుతుంది. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు, వైరు పీకి చూడొద్దు. 30 వేల వోల్టుల దాకా ఉంటుంది. ఏమీ కనపడకపోతే, పొద్దున ఇంజిన్ ఆపేసి, కాయిల్ దగ్గర 2, 3 వైర్లు అటూ ఇటూ మార్చమనండి.

తండ్రి: అయ్యో, సిలిండర్లు మండే వరస, ఫైరింగ్ ఆర్డర్ తప్పిపోదూ?

నిపుణుడు: పోదండీ! రెండూ ఒకేసారి వెలిగేవే కదా, ఇంజిన్‌కి తేడా తెలీదు. మిస్ 2లోనే ఉంటే వైరో, టోపీయో, ప్లగ్గో. 3కి మారితే అప్పుడు షెడ్డువాళ్ల మాటే నిజం, కాయిల్ కొనండి. ఈలోగా వణుకుతుంటే దూరం తోలొద్దు, మండని పెట్రోలు సైలెన్సర్ గొట్టంలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని తినేస్తుంది.

తండ్రి: ఇంతకీ ఈ సిలిండర్లలో రెండోది ఏదండీ?

నిపుణుడు: చాలా కార్లలో బెల్టు ఉన్న వైపు ఒకటి. దాని పక్కది రెండు.

తండ్రి: స్ప్రే బాటిల్ తేవే అమ్మాయ్, చీకటి పడింది.