తీగకూ ప్రోగ్రాముకూ నడుమ

(నెల్లూరులో ఇంటర్ విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు విచ్చేసిన తల్లిదండ్రులకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

ఇంజినీరింగునూ కంప్యూటర్ సైన్సునూ కలిపి చదవడం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఈ మాట ఎత్తగానే మన దగ్గర ఎదురయ్యే మొదటి ప్రశ్న, "సీఎస్‌ఈ అంటేనే ఇంజినీరింగు కదండీ, మళ్ళీ కలపడమేమిటి?" అని. న్యాయమైన ప్రశ్నే. మనకు అది బీటెక్‌లో ఒక బ్రాంచి. ఆస్ట్రేలియాలో మాత్రం కంప్యూటర్ సైన్సు సాధారణంగా మూడేళ్ళ డిగ్రీ, ఇంజినీరింగు నాలుగేళ్ళ మరో డిగ్రీ. విడివిడిగా చదివితే ఏడేళ్ళు పట్టే ఈ రెండింటిలో ఉమ్మడిగా ఉన్న గణితాన్నీ ప్రోగ్రామింగునూ ఒక్కసారే లెక్కలోకి తీసుకుని, దాదాపు ఐదేళ్ళలో రెండు పట్టాలూ ఇచ్చే ఏర్పాటునే అక్కడ కంబైన్డ్ డిగ్రీ అంటారు.

గోడకు రెండు పట్టాలు తగిలించుకోవడం కోసం ఈ చదువు చదవమని నేను చెప్పను. ఎందుకు చదవాలంటానో చెప్పాలంటే మిమ్మల్ని ముత్తుకూరు వైపు ఒక రొయ్యల గుంట దగ్గరికి తీసుకెళ్ళాలి.

నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అట్టడుగుకు పడిపోతుందని ఈ సభలోని రొయ్యల రైతులకు నేను చెప్పనక్కర్లేదు. పగలు ఆక్సిజన్ ఇచ్చే నీటి నాచు రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే దిగితే రొయ్యకు కష్టం. కాపలా మనిషి నిద్ర లేచి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు వేయనక్కర లేకుండా, ఆక్సిజన్ కొలిచే సెన్సరును చూసి వాటి మోటార్లను తానే నడిపే పెట్టెను నా విద్యార్థులిద్దరు తయారుచేశారు. ప్రోగ్రాము రాసిన అబ్బాయిది కంప్యూటర్ సైన్సు, వైరింగు చేసిన అమ్మాయిది ఎలక్ట్రికల్.

మొదటి రాత్రే ఫ్యూజులు పోయాయి. ఇండక్షన్ మోటారు బయలుదేరేటప్పుడు, నడిచేటప్పటి కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. మా ప్రోగ్రాము ఎనిమిది మోటార్లకూ ఒకే క్షణంలో ఆజ్ఞ ఇచ్చింది. ఒక్కో మోటారుకూ మధ్య పది సెకన్ల ఎడం పెట్టడానికి ఒక్క వరుస కోడు చాలు. అయితే ఆ వరుస అవసరమని అబ్బాయికి తెలియదు, అది అంత తేలికని అమ్మాయికి తెలియదు.

మూడో వారంలో జరిగింది ఇంకా బాధాకరం. సెన్సరు పొర మీద పాకుడు పట్టి, అంకె మందంగా కదలసాగింది. గుంటలో ఆక్సిజన్ పడిపోయిన చాలాసేపటికి గాని పెట్టెకు ఆ సంగతి తెలియలేదు. తెల్లవారేసరికి రొయ్యలు నీటి పైకి తేలి కొట్టుకుంటున్నాయి. రైతు మమ్మల్ని ఒక్క మాటా అనలేదు, గట్టు మీద కూలబడిపోయారు. కోడులో తప్పు లేదని అబ్బాయి, ల్యాబులో సెన్సరు సరిగ్గానే చూపించిందని అమ్మాయి అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. తప్పు ఇద్దరి నడుమా ఉంది, ఆ చోటును చూడవలసిన నేను చూడలేదు. రాత్రి గడిచేకొద్దీ అంకె దిగాలి, దిగడం లేదంటే సెన్సరును నమ్మకుండా మోటార్లు వేసి రైతుకు ఫోన్ చేయాలి అన్న నియమాన్ని ఆ తరువాత చేర్చాం. నీటినీ, సెన్సరునూ, కోడునూ ఒకే మనిషి ఎరిగి ఉంటే అది మొదటి రోజే రాసి ఉండేవాళ్ళం.

ఇది గుంటలకే పరిమితమైన సంగతి కాదు. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన రాత్రి మేడలెక్కి చూసే మనకు ఈ ఉదాహరణ బాగా అర్థమవుతుంది. 1996 జూన్ 4న యూరప్ వారి రాకెట్ ఏరియాన్-5 తన తొలి ప్రయోగంలో, బయలుదేరిన దాదాపు 40 సెకన్లకే ఆకాశంలో ముక్కలైంది. అంతకు ముందటి ఏరియాన్-4కు రాసిన ప్రోగ్రాము భాగాన్ని అందులో అలాగే వాడారు. కొత్త రాకెట్ అడ్డంగా పుంజుకునే వేగం ఎక్కువ కావడంతో, ఆ వేగంతో ముడిపడిన 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో ఇమడలేదు. తోడుగా పెట్టిన యంత్రంలోనూ అదే ప్రోగ్రాము ఉన్నందువల్ల అదీ అదే కారణంతో ఆగిపోయింది. పాత రాకెట్‌కు సరిపోయిన ఆ ప్రోగ్రాము, కొత్త దాని ప్రయాణానికి సరిపోలేదు.

ఈ చదువు తేలిక కాదు. ఎంపీసీ నుంచి వచ్చే పిల్లలకు కలనగణితం అలవాటే, సర్క్యూట్లకూ, యంత్రాలను అదుపులో నడిపే కంట్రోల్ సిస్టమ్స్‌కూ అది పనికొస్తుంది. అల్గారిదములకు కావలసిన తర్కం, గ్రాఫులు, నిరూపణలు వేరే గణితం. సూత్రం కంఠస్థం చేసి లెక్క తేల్చే మన కోచింగు అలవాటు అక్కడ చెల్లదు. కొలతలో ఎంత తేడా రావచ్చునని ఇంజినీరు అడుగుతాడు, ఏ విలువ ఇచ్చినా జవాబు సరిగ్గా వస్తుందా అని కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు అడుగుతాడు. ఒకే బుర్రలో ఈ రెండు ప్రశ్నలూ కుదురుకోవడానికి కాలం పడుతుంది.

విదేశం వెళ్ళే స్తోమత ఉన్నవాళ్ళు, అక్కడి ఇంజినీరింగు భాగానికి ఇంజినీర్స్ ఆస్ట్రేలియా, కంప్యూటింగ్ భాగానికి ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ గుర్తింపు ఉన్నాయో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టండి. ఐదేళ్ళ ఖర్చు కోసం పొలం అమ్మవలసిన కుటుంబాలకు ఆ దారి నేను చెప్పను, ఇక్కడే దారులున్నాయి. బీటెక్ 160 క్రెడిట్లకు తోడు మరో 18 నుంచి 20 క్రెడిట్లు చదివితే వేరే బ్రాంచిలో మైనర్, అంటే తోడు అర్హత, ఇవ్వవచ్చునని సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ మాదిరి పాఠ్యప్రణాళిక చెబుతోంది. మీరు చేరే కాలేజీలో ఆ ఏర్పాటు ఉందో లేదో ముందే అడగండి. ఐఐటీ మద్రాసు 2020లో ఆన్‌లైన్‌లో మొదలుపెట్టిన డేటా సైన్సు డిగ్రీ మరొకటి. మెకానికల్, ఎలక్ట్రికల్ పిల్లలు కంప్యూటర్ సైన్సు మైనర్ తీసుకోవాలని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. సీఎస్‌ఈ పిల్లలు సర్క్యూట్లూ కంట్రోల్ సిస్టమ్సూ చదవాలన్నది నా కోరిక. మోటారు చప్పుడు ఎన్నడూ వినకుండానే దాన్ని నడిపే ప్రోగ్రాము రాసేవాళ్ళు వాళ్ళే.

ఆ గుంటలో పెట్టె ఇప్పటికీ నడుస్తోంది. రైతు అనుమతి ఉంది కనుక, చూడాలనుకున్న విద్యార్థులు ఈ ఆదివారం రావచ్చు. తెల్లవారుజామున మూడున్నరకే రావాలి, అంకె అట్టడుగుకు చేరాక వస్తే చూడవలసిందంతా అయిపోతుంది.